మన వంటయింట చీనా శోభ: జాడీ చెప్పు చరిత్ర

ఉపోద్ఘాతము

గృహాలంకరణము నేడు పెద్ద వ్యాపారమైనది. పట్టణములలో క్రొత్తగా ఇల్లు కట్టుకొనువారు వంటయింటిని సయితము ఏదో ఒక శైలిలో తీర్చిదిద్దవలెనని కోరుచున్నారు. అట్టి శైలులలో చీనా శైలి యొకటి, జపాను శైలి యొకటి. ఆసియా దేశముల పోకడలనన్నింటిని కలిపి ఆసియా శైలి అని పిలుచునది మరియొకటి. నీలిపూవులు చిత్రించిన తెల్లని పాత్రలు, లక్కపూతతో మెరయు ఎఱ్ఱని పెట్టెలు, వెదురు తడికెలు, కాగితపు దీపములు మొదలగువానిని దుకాణదారులు మన ముందుంచి, ఇవి దూరదేశపు సొగసులని చెప్పి అమ్ముచున్నారు.

ఈ వ్యాసమున మేము ప్రతిపాదింపదలచినది ఒక్కటే విషయము. గుంటూరు, ప్రకాశము జిల్లాల వంటయింటికి చీనా క్రొత్త చుట్టము కాదు. ఆ చుట్టరికము మన మాటలలో ఉన్నది, మన రేవులో ఉన్నది, అటకమీది ఆవకాయ జాడీలో ఉన్నది. అది తెలియకపోవుటచేత మనము ఒక చేతితో పాత జాడీలను పాతసామానులవానికి ఇచ్చివేయుచు, మరియొక చేతితో క్రొత్త చీనా అలంకారములను కొని తెచ్చుకొనుచున్నాము. కావున ముందుగా చరిత్రను, తరువాత పింగాణి శాస్త్రమును, చివర అలంకరణ విధానమును వరుసగా పరిశీలింతము.

1. మాటల సాక్ష్యము

చరిత్రకు శాసనములు ఎట్టి ఆధారములో వాడుకమాటలును అట్టివే. మనము 'పింగాణి' అను మాటకు పారసీక భాషలో గిన్నె యను అర్థముగల 'పింగాన్', అరబ్బీలోని 'ఫింజాన్' దగ్గరి బంధువులు. తమిళులును 'పీంగాన్' అందురు. ఉర్దూలో పింగాణి పాత్రలకు 'చీనీ కే బర్తన్' అని పేరు. పంచదారను కూడ ఉర్దూలో 'చీనీ' అందురు. మసాలాలో వేయు దాల్చినచెక్క పేరులో చీనా దాగియున్నది: పారసీకమున 'దార్ చీనీ' అనగా చీనా మ్రాను. పట్టుబట్టకు సంస్కృత కవులు 'చీనాంశుకము' అని పేరిడిరి. కాళిదాసు శాకుంతలమున ఆ మాట ప్రయోగించెను. తెలుగువారికది 'చీనాంబర'మైనది. మనము బత్తాయి యని పిలుచు పండును రాయలసీమవారు చీనీకాయ అందురు. 'చాయ్' అను మాటకు మూలము చీనా భాషలోని 'చా'. 'టీ' అను మాట ఆ దేశమున ఫుకియన్ తీరవాసుల పలుకుబడి నుండి వచ్చినది.

వీనియన్నిటికంటె మనకు ముఖ్యమైన మాట 'మర్తబాన్'. మన కళాశాలలో ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థుల ఇండ్లలో ఊరగాయ జాడీకి ఇదియే పేరు. ఇది బర్మా దేశమునందలి ఒక రేవుపట్టణము పేరు. ఆ రేవునుండి నున్నని పూతగల పెద్ద జాడీలు హిందూ మహాసముద్రమంతట ఎగుమతి యగుచుండుటచే రేవు పేరే పాత్రకు వచ్చినది. 14వ శతాబ్దమున చీనాకు ఓడలో పోవుచుండిన యాత్రికుడు ఇబన్ బతూతా, తోవలో తవాలిసీ అను దేశపు రాకుమారి తనకు ఇచ్చిన కానుకలలో నాలుగు మర్తబాన్లు ఉన్నవనియు, వానినిండ అల్లము, మిరియములు, నిమ్మ, మామిడి ఉప్పులో ఊరవేసి సముద్ర ప్రయాణమునకు సిద్ధపరచినవనియు వ్రాసియున్నాడు. అనగా జాడీలో మామిడికాయ ఊరగాయ పెట్టి దూరప్రయాణమునకు ఇచ్చి పంపు ఆచారము ఏడువందల యేండ్ల నాటికే ఆసియా తీరములలో ఉన్నది. సెలవులు ముగిసి వసతిగృహమునకు వచ్చు మన విద్యార్థుల సంచులలో నేటికిని ఆ కానుక కనబడుచున్నది.

2. మోటుపల్లి రేవు

ఈ వస్తువులు మన నేలకు వచ్చిన తోవలలో ముఖ్యమైనది మోటుపల్లి. చిరకాలము గుంటూరు జిల్లాలోను, 1970 నుండి ప్రకాశము జిల్లాలోను ఉండి, 2022లో క్రొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరిన చినగంజాము మండలమున ఈ గ్రామము కలదు. నేడు చిన్న పల్లె. కాకతీయులనాడు తెలుగుదేశమునకు ముఖ్యమైన సముద్రద్వారము.

అక్కడి వీరభద్రాలయమునందలి స్తంభముపై కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరము 1166లో, అనగా క్రీ.శ. 1244 ప్రాంతమున వేయించిన అభయశాసనము కలదు. అంతకుముందు గాలివానకు కొట్టుకొనివచ్చి ఒడ్డునబడిన ఓడలలోని సరకును రాజులు బలవంతముగా తీసికొనుచుండెడివారు. ప్రాణములకు తెగించి సముద్రము దాటి వచ్చు వర్తకులపై దయతో, కీర్తిని ధర్మమును కోరి, ఆ పద్ధతిని మానివేయుచున్నామని గణపతిదేవుడు ప్రకటించెను. నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు తీసికొనబోమనెను. ఆ సుంకము ముప్పదింట ఒక వంతు. సుంకము విధింపబడిన సరకుల పట్టికలో చందనము, ముత్యములు, పన్నీరు, దంతము, పట్టు, మిరియములతోపాటు చీనా కర్పూరమును పేర్కొనబడినది.

1290 ప్రాంతమున చీనానుండి స్వదేశమునకు మరలిపోవుచు వెనిసు నగరవాసి మార్కోపోలో ఈ దేశమును గూర్చి వ్రాసినాడు. 'ముత్ఫిలి' అని అతడు వ్రాసినది మోటుపల్లియే. ఆ రాజ్యమును న్యాయముగా పాలించిన రాణిని పొగడినాడు. ఆమె రుద్రమదేవియని చరిత్రకారులు గుర్తించిరి. ఇచ్చటి నూలుబట్టలు సాలెపట్టువలె సన్నమైనవని మెచ్చుకొనినాడు. తరువాత రెడ్డిరాజుల కాలమున, 1358లో అనపోతారెడ్డి మోటుపల్లి వర్తకులకు మరల రాయితీలిచ్చి శాసనము వేయించెను. కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు కావలసిన సుగంధద్రవ్యములను పరదేశములనుండి తెప్పించిన అవచి తిప్పయసెట్టికి శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చెను. ఆ కావ్యపు అవతారికలో సెట్టి తెప్పించిన సరకులలో చీనా పట్టుబట్టలును ఉన్నవి.

మోటుపల్లి ప్రాంతమున చీనా పాత్రల పెంకులును లభించినవి. శాసనము రాజుగారి మాట. కావ్యము కవిగారి మాట. పెంకు మాత్రము ఎవరో కొని, వాడి, చేయిజార్చి పగులగొట్టి, పారవేసిన వస్తువు. ఆ విధముగ ఆ పెంకు సాధారణ గృహజీవనమునకు మరింత దగ్గరి సాక్షి.

ఇచ్చట విద్యార్థులు గమనింపవలసిన అంశము ఒకటి కలదు. చీనా వస్తువు మన తీరమునకు వచ్చుటకు కారణము దాని అందము మాత్రమే కాదు. పరదేశపు వర్తకునికి ఈ తీరమున దొరికిన నమ్మకము. సుంకము ఇంతయని ముందుగా తెలిసి, సరకు దోపిడి కాదను అభయము ఉన్నచోటనే ఓడ లంగరు దించును.

3. చీనీఖానా, గూడు, తాఖ్

పింగాణిని ఇంటిలో అందముగా అమర్చు విద్యను ముస్లిము రాజ్యములు మిక్కిలి పెంపొందించినవి. ఇరాన్ దేశమున అర్దబీల్ నగరమునందలి దర్గాకు షా అబ్బాసు 1611లో వేయికి పైగా చీనా పాత్రలను సమర్పించెను. వానిని ఉంచుటకు గోడలనిండ గూళ్లు తీర్చిన మందిరమునకు చీనీఖానా అని పేరు. పాత్ర ఆకారమును బట్టి గూటి ఆకారమును తీర్చు ఈ పద్ధతి మొగలు భవనములలోను కనబడును. క్రమముగా పాత్ర లేకున్నను గోడపై గూళ్ల వరుసను చెక్కుటయే ఒక అలంకారమైనది.

దక్కనులోను చీనా పేరు మారుమ్రోగినది. దౌలతాబాదు కోటలో చీనీమహలు కలదు. నీలి, తెలుపు పలకల తాపడమువలన దానికి ఆ పేరు వచ్చినదందురు. 1687లో గోలకొండ పతనమైన పిదప తుది కుతుబ్‌షాహి సుల్తాను అబుల్ హసన్ తానాషా బందీయై తన శేషజీవితమును అచ్చటనే గడపెను. మన కొండవీడు సీమ కుతుబ్‌షాహి ఏలుబడిలో ముర్తజానగరము అను పేరుతో ఉండెనను విషయము ఇచ్చట స్మరింపదగును. దక్కను ప్రభువులు 'గోరీ' అని పిలిచిన ఆకుపచ్చ పూతగల చీనా పళ్లెములు విషము కలిసిన అన్నము వడ్డింపగనే పగులునని నమ్మిరి. ఆ నమ్మకమునకు శాస్త్రాధారము లేదు. 1951లో హైదరాబాదున ప్రారంభింపబడిన సాలార్‌జంగు ప్రదర్శనశాలలో చీనా పాత్రల సంపదను నేటికిని చూడవచ్చును.

ప్రభువుల చీనీఖానాకును మన పల్లెయింటి గోడలోని గూటికిని పరిమాణమున భేదమేగాని భావమున భేదము లేదు. తెలుగువారు గూడు అన్నదానినే ఉర్దూ మాటలాడువారు తాఖ్ అందురు. రెండు అడుగుల మందము గల మట్టిగోడలో తొలిచిన గూటిలో దీపమో, ఉప్పుజాడీయో, గ్రంథమో ఉండెడిది. గోడలు సన్నబడిన తరువాత గూళ్లు పోయినవి.

4. పింగాణి శాస్త్రము

జాడీ యొక్క విలువ తెలియుటకు దాని నిర్మాణము తెలియవలెను. కుమ్మరి చేయు మట్టికుండ తక్కువ వేడిమిలో కాలును. దానిలో సూక్ష్మరంధ్రములు మిగులును. అందుచేతనే కుండలో నీరు చెమర్చి చల్లబడును. ఆ గుణమే ఊరగాయకు దోషము. నూనె, ఉప్పు గోడలోనికి ఇంకిపోవును. కొన్ని జాతుల బంకమన్నును సుమారు 1200 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికి కాల్చినచో రంధ్రములు మూసికొని రాయివలె గట్టిపడును. మన ఆవకాయ జాడీలలో పెక్కులు ఈ జాతివి. కయోలిన్ అను తెల్లమన్ను, ఫెల్డ్‌స్పార్, పలుగురాయి పొడి కలిపి సుమారు 1300 డిగ్రీలకు కాల్చినపుడు గాజువంటి మెరపుగల అసలు పింగాణి ఏర్పడును. కయోలిన్ అను పేరు చీనాలో పింగాణి పరిశ్రమకు పుట్టినిల్లయిన జింగ్‌డెజెన్ పట్టణము చేరువనున్న గావోలింగ్ అను కొండనుండి వచ్చినది. ఐరోపావారికి ఈ రహస్యము 18వ శతాబ్దారంభమున జర్మనీలోని మైసెన్‌లో గాని చిక్కలేదు.

పై సగము గోధుమవన్నె, క్రింది సగము మీగడవన్నెగల జాడీ మన ఇండ్లలో విరివిగా కనబడును. అది చీనానుండి వచ్చినదని పొరబడరాదు. అట్టి జాడీలను రాణిగంజ్, ఖుర్జా మొదలగు మన దేశపు పరిశ్రమలే తయారుచేసినవి. విద్య చీనాది, మన్ను మనది.

ఊరగాయలో ఉప్పు, పులుపు రెండును ఉండును. రాగి, ఇత్తడి పాత్రలలో పులుపు చేరినచో చిలుము పుట్టును. అందుకే వానికి కళాయి పూయుట. పూత చెడని జాడీకి ఈ బాధ లేదు. ప్లాస్టిక్కు డబ్బా చవుక, తేలిక, క్రిందపడినను పగులదు. కాని కారపు వన్నె, నూనె వాసన దానికి పట్టి వదలవు. గీతలుపడినచోట మురికి నిలుచును. జాడీ మూతిపై తెల్లని బట్టతో వాసెన కట్టుట, మూడవనాడు విప్పి కలయబెట్టుట, తడిచేయి తగులనీయకుండుట అనునవి మన పెద్దలు అనుభవముచే కనిపెట్టిన సూక్ష్మజీవశాస్త్ర నియమములు.

5. నీలిరంగు, ఎఱ్ఱరంగు

చీనా శైలి అనగనే తెలుపుపై నీలిచిత్రములు గుర్తుకు వచ్చును. ఆ నీలిమకు మూలమైన కోబాల్టు ధాతువు 14వ శతాబ్దమున చీనాకు పోయినది ఇరాన్ ప్రాంతమునుండియే. చీనీయులు దానికి ముస్లిముల నీలి యని అర్థమిచ్చు పేరు పెట్టిరి. మింగు వంశపు జెంగ్‌డే చక్రవర్తి కాలమున, అనగా 1506 నుండి 1521 వరకు, అరబ్బీ అక్షరములు వ్రాసిన నీలి తెలుపు పాత్రలను సయితము చేసిరి. కావున చీనా శైలి యనునది కేవలము చీనాది కాదు. ఇరాను రంగు, చీనా మన్ను, అరబ్బు ఓడ, ఆంధ్ర తీరము దానిలో కలిసియున్నవి.

ఎఱ్ఱరంగు కథ దీనికి తోడు. మిరప అమెరికా ఖండమున పుట్టిన మొక్క. 1492 తరువాత పోర్చుగీసువారి ఓడలలో అది మన దేశమునకు వచ్చినది. అంతకుముందు మన కారము మిరియమే. చీనాలో మిరపను గూర్చిన తొలి ప్రస్తావనలలో ఒకటి 1591 నాటి గావో లియాన్ గ్రంథమున కలదు. అచ్చట దానిని అందమునకై పెంచు మొక్కగా వర్ణించినారు. తరువాత సిచువాన్, హునాన్ ప్రాంతములు కారమునకు పేరుపొందినవి. ఇటీవలి సంవత్సరములలో గుంటూరు తేజ రకపు మిరపను కొనుచున్న దేశములలో చీనా ముఖ్యమైనది. ఒకనాడు జాడీ అటనుండి వచ్చినది. నేడు జాడీలో నిండవలసిన మిరప ఇటనుండి పోవుచున్నది.

6. అలంకరణ సూత్రములు

ఆసియా వంటయిండ్లను పరిశీలించినచో ఒక సామాన్యధర్మము కనబడును. నిలువచేయు పాత్రయే వానికి అలంకారము. కొరియా దేశమున కూరగాయలు, సోయా ముద్ద ఊరవేయు జాడీలను పెరటి అరుగుమీద పొడవు వరుసన నిలుపుదురు. ఆ అరుగునకు జాంగ్‌డోక్‌దే అని పేరు. సిచువాన్ వారి ఊరగాయ జాడీ మూతిచుట్టు చిన్న కాలువ ఉండును. దానిలో నీరుపోసి మూత బోర్లించినచో లోని వాయువు వెలికి పోవునేగాని బయటి గాలి లోనికి రాదు. వాడుకలోని వస్తువును శుభ్రముగ, వరుసగ, కంటికి కనబడునట్లు ఉంచుటయే ఈ శైలికి ప్రాణము. దీనిని మన ఇండ్లకు అన్వయించు విధము ఇట్టిది.

మొదటిది, గోడ. తెలుపు లేక మీగడవన్నె చాలును. దానిపై నీలిగీత ఒక్కటి ఉన్నచో శోభించును. పలురంగులు కలిసినచో పాత్రల అందము మరుగుపడును.

రెండవది, గూడు. పాత ఇండ్లలో మిగిలిన గూళ్లను ఇటుకతో మూయించరాదు. క్రొత్త ఇండ్లలో టేకు లేక వేపచెక్కతో అరలు కట్టించవచ్చును. పెద్ద జాడీలు అడుగున, చిన్నవి పైన ఉండవలెను. నిండుజాడీని రొమ్మెత్తుకు మించి ఉంచుట ప్రమాదము. జాడీకి జాడీకి నడుమ చోటు విడువవలెను. చీనా, జపాను కళలలో ఖాళీ స్థలమును చిత్రములో భాగమే.

మూడవది, గాలి, వెలుతురు. కారము కొట్టునపుడును, పోపు వేయునపుడును పుట్టు ఘాటుకు మన వంటయింట కిటికీ తప్పనిసరి. చీనా కిటికీల చెక్క అల్లికయు, మన జాలీయు ఒకే పనిచేయును. మన ఊరి వడ్రంగి చేయగల చదరపు జాలీ చాలును. ఎండయు పొయ్యి వేడియు నేరుగా తగులుచోట ఊరగాయ నుంచరాదు. నూనె చెడును, రంగు మారును.

నాలుగవది, బట్ట. మంగళగిరి, చీరాల నేతబట్టలలో నీలి, తెలుపు గళ్లవి అరలకు తెరలుగ కట్టవచ్చును. పొయ్యి దాపున మాత్రము బట్ట కూడదు.

ఐదవది, ఎఱ్ఱరంగు. చీనీయులకు ఎరుపు శుభప్రదము. కొనితెచ్చిన ఎఱ్ఱని కుచ్చులకంటె మన చేనిలోని ఎండుమిరపకాయల దండ అందముగ నుండును. చీనా పల్లెలలోను ఇట్టి దండలు వ్రేలాడగట్టుట పరిపాటి.

7. జాగ్రత్తలు

చీనీయులు పొయ్యి దాపున వంటయింటి దేవత పటమును నిలిపి, సంవత్సరాంతమున తీపి నివేదించి సాగనంపుదురు. అది వారికి ఆరాధన. మనకు గోడబొమ్మ కారాదు. మన ఇండ్లలో కొందరికి ప్రతిమలు ఉంచు ఆచారము కలదు, కొందరికి లేదు. పూవులు, తీగలు, జాలీ అల్లికలు, నీలిగీతలు ఎవరి ఆచారమునకును అడ్డురావు. కావున వానిని గ్రహించుట మేలు.

అలంకారమునకై అమ్ము పాత్రలన్నియు ఆహారమునకు పనికిరావు. పూతపైన అద్దిన రంగులలో సీసము ఉండవచ్చును; పులుపు తగిలినచో అది ఆహారములోనికి దిగును. అట్టివానిని పూలకు, గరిటెలకు వాడవలెను. పాత జాడీని వ్రేలితో తట్టిచూచిన, ఖంగుమని మ్రోగినచో బాగున్నది. బొంగురుగ పలికినచో ఎచ్చటనో బీట ఉన్నది. బీటవారిన జాడీలో ఊరగాయ పెట్టరాదు. ఉప్పునో పప్పునో పొట్లముగ కట్టి అందులో ఉంచవచ్చును. వాడుకకు ముందు వేడినీటితో కడిగి, ఎండలో పూర్తిగా ఆరనీయవలెను.

ఉపసంహారము

ఒక జాడీ పాతసామానులలోనికి పోయినచో మట్టిపాత్ర ఒక్కటియే పోదు. అది ఎవరి అత్తవారింటి నుండి వచ్చినది, ఎన్ని మానికల కొరివికారము పట్టును, గోంగూరకు ఏది, మాగాయకు ఏది అను జ్ఞానము అమ్మమ్మల వద్దను, నానీల వద్దను ఉన్నది. వారు పుస్తకములు వ్రాయలేదు. వారి తరువాత చెప్పువారు ఉండరు.

కావున మా మనవి రెండు. విద్యార్థులు సెలవులలో ఇంటికి పోయినపుడు అటకమీది జాడీని దింపి, దాని పేరు తెలుగులోను ఉర్దూలోను ఏమి, ఎప్పటిది, ఎవరు తెచ్చినది, ఏమి నిలువచేసినది అని పెద్దలనడిగి ఒక కాగితముపై వ్రాసికొని రావలెను. కళాశాల సంఘమువారు గ్రంథాలయమున ఒక గోడలో చీనీఖానా పద్ధతిని నాలుగు గూళ్లు కట్టించి, దాతలు మనసార ఇచ్చిన జాడీలను, వాని వెంట ఆ కాగితములను అందుంచవలెను. ఖర్చు స్వల్పము. జాడీ, మర్తబాన్ అను రెండు పేర్లను ప్రక్కప్రక్కన రెండు లిపులలో వ్రాసి పెట్టినచో, మోటుపల్లి రేవును ఎరుగని విద్యార్థికి సయితము తన ఇంటికిని ఆ రేవునకును గల సంబంధము తెలియగలదు.